క్రెమోనాలో శిష్యరికము

కొన్ని వారముల క్రిందట విజయనగరమునుండి ఒక శ్రోత మాకొక లేఖ వ్రాసిరి. వారి కుమారుడు ఫిడేలు నేర్చినవాడు. వాయించుటకంటె ఆ వాద్యమును విప్పి చూచుటయందే వానికి మక్కువ యెక్కువ. ఇటలీ దేశమున క్రెమోనా అను పట్టణమునకు పోయి, ఫిడేళ్లు చేయువారివద్ద ఆరునెలలు ఇంటర్న్‌షిప్ చేసి వచ్చెదనని పట్టుపట్టినాడట. ‘ఆరునెలలలో పని వచ్చునా? వచ్చినచో అది అన్నము పెట్టునా?’ అని తండ్రిగారి ప్రశ్న. ఈ ప్రశ్న మరికొందరి ఇండ్లలోను పుట్టియుండవచ్చును గనుక ఇచ్చటనే సమాధానము వ్రాయుచున్నాము.

క్రెమోనా ఉత్తర ఇటలీలో పో నది యొడ్డున నున్న చిన్న పట్టణము. 16వ శతాబ్దిలో ఆంద్రేయా అమాతి అచ్చట ఫిడేళ్లు చేసెను. ఆంటోనియో స్ట్రాడివారి, గ్వార్నేరీ వంశమువారు ఆ విద్యను శిఖరమున నిలిపిరి. స్ట్రాడివారి 1737లో మరణించెను. తరువాత కొన్ని తరములకు ఆ యూరిలోనే ఆ విద్య అడుగంటినది. 1937లో అతని ద్విశత వర్ధంతి జరిపినవారికి ఆ లోటు తోచినది కాబోలు, మరుసటి యేట, అనగా 1938లో, వాద్యనిర్మాణ పాఠశాల వెలసినది. నేడు ఆ యూర నూరింటికి పైగా కర్మశాలలు గలవు. 2012లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వముగా గుర్తించినది. డెబ్బదికి పైగా కొయ్యముక్కలను చేతితోనే మలచి కూర్చవలెను. ఒక శిల్పి ఏడాదికి మూడునుండి ఆరు వాద్యములు మాత్రమే చేయగలడు. తండ్రిగారు మొదట గమనింపవలసినది ఈ లెక్కనే. అట్టి గురువువద్ద ఆరునెలలున్న శిష్యుడు మహా అయిన మూడు ఫిడేళ్ల పుట్టుకను చూడగలడు.

ఇంటర్న్‌షిప్‌నకు ఇటలీవారు వాడు మాట ‘తిరోచీనియో’. రోము సైన్యమున కొత్తగా చేరిన బంటును లాటినులో ‘తీరో’ అనెడివారు. వాని తొలినాళ్ల కసరత్తే ఈ మాటకు మూలము. పని నేర్పు చోటు ‘బొత్తేగా’. అంగడియు కర్మశాలయు ఒక్కటిగా నుండు గది. లియొనార్దో డా వించి యంతటివాడు ఫ్లోరెన్సులో వెరోక్కియో బొత్తేగాలోనే పెరిగెను. 1472లో చిత్రకారుల సంఘమున చేరిన పిదపను, 1476లో గురువు పంచనే యుండెను.

ఇక అసలు సంగతి భాష. ఫిడేలు కడుపులో, పై పలకకును అడుగు పలకకును నడుమ, సన్నని స్ప్రూస్ కొయ్యపుల్ల యొకటి నిలిచియుండును. దానికి జిగురు లేదు, మేకు లేదు. తంత్రుల ఒత్తిడిచేతనే నిలుచును. వెంట్రుకవాసి జరిపినను నాదము మారిపోవును. మేమును నాదముతో బ్రతుకువారమే. మైకును జానెడు జరిపినచో గాయకుని గొంతు మారుటను దినదినము చూచుచున్నాము గనుక దీనిని నమ్ముట మాకు కష్టము కాదు. ఇటాలియనులో ఆ పుల్ల పేరు ‘ఆనిమా’, అనగా ఆత్మ. ఇంగ్లీషుతో నెట్టుకొని రాగలనని పోయినవాడు గురువు చూపినట్లు పుల్లను జరుపగలడు గాని, ఎందుకు జరుపవలెనో గ్రహింపజాలడు. నాదము ‘చీకటిగా’ నున్నదనియు, ‘వెలుగుగా’ నున్నదనియు, ‘తెరచుకొన్న’దనియు అచ్చటివారు చెప్పుకొందురు. వీనిని కొలుచు కొలబద్దలు లేవు. ఏ నాదమును ఏ మాటతో పిలుతురో పనిబల్లవద్దను భోజనపు బల్లవద్దను విని విని చెవికి తెలియవలసినదే.

కావుననే ఊరి బ్రతుకులో కలిసిపోవుట పనిలో భాగము, వినోదము కాదు. అపరిచితుని వారు ‘లేయి’ అని మన్నింతురు. ఆ మాటకు ‘ఆమె’ అని అర్థము. మీసములున్న మగవానికిని అదే! చనువు కుదిరిన పిదప పెద్దవారే ‘ఇక తూ అనుకొందము’ అందురు. ‘నువ్వు’, ‘మీరు’ భేదమెరిగిన తెలుగువాడు ఈ మర్యాదను ఇంగ్లీషువానికంటె త్వరగా పట్టుకొనగలడు. సాయంకాలము జనులు ఊరక వీథులలో తిరుగుదురు. దానికి ‘పాస్సెజ్జాతా’ యని పేరు. క్రెమోనాలో 112 మీటర్ల గంటగోపురము క్రింది చౌకునకు చేరినవారికి, ఎవరికి సహాయకుడు కావలెనో, ఎవరికి మంచి కొయ్య దొరకినదో చెవిని పడును. పండ్లను పాకమున ఊరవేసి ఆవఘాటు చేర్చిన ‘మొస్తార్దా’ ఆ యూరి ప్రసిద్ధి. ఆవకాయ నెరిగిన నాలుకకు అది దూరపు చుట్టమే. శాకాహారులు మాత్రము చీజ్ విషయమున విచారించుకొనవలెను. గ్రానా పదానోను దూడ పొట్టనుండి తీసిన పదార్థముతో విరుగునట్లు చేయుదురు.

2019 జనవరిలో అచ్చట జరిగినదొకటి మాకు ఈర్ష్య కలిగించినది. అమాతి, స్ట్రాడివారి, గ్వార్నేరీల నాలుగు వాద్యముల స్వరములను వాద్యప్రదర్శనశాలలో రికార్డు చేయుటకై నెలకు పైగా ఆ చుట్టుప్రక్కల వీథులను మూసివేసిరి. చప్పుడు చేయవలదని నగరాధ్యక్షుడు ప్రజలను వేడుకొనెను. సన్నగా రొదచేయు విద్యుద్దీపములను సైతము ఊడదీసిరి. ఆ పట్టణమున శిష్యుడు నేర్చుకొనునది ఉలిపని యొక్కటే కాదు.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. తొంబది దినములు మించి యుండువారికి దీర్ఘకాలపు వీసా కావలెను. దిగిన ఎనిమిది పనిదినములలో నివాసానుమతికి దరఖాస్తు పెట్టవలెను. చదువులో భాగమైన శిక్షణకు భత్యము ఈయవలెనను నిర్బంధము లేదు. ఇతర శిక్షణలకు నెలకు 300 యూరోలకు తగ్గరాదని 2013 నాటి మార్గదర్శకములు చెప్పినవి. ప్రాంతమును బట్టి మొత్తము మారును. ఆ 300తో అద్దెయు భోజనమును గడచునని ఎవరును అనుకొనరాదు. ఇది కలవారి బిడ్డలకే దక్కు విద్యయగుచున్నదేమో యను బాధ మాకు లేకపోలేదు. ఆగస్టు 15 మనకు జెండాపండుగ, వారికి ‘ఫెర్రగోస్తో’ సెలవు. ఆ రోజులలో కర్మశాలలు మూతపడుట వాడుక. ఆరునెలల లెక్కలో వానిని ముందే తీసివేయవలెను.

తండ్రిగారికి మా జవాబు ఇది. ఆరునెలలలో ఫిడేలు చేయుట రాదు. ఉలి పట్టుకొనుటయు, ఆత్మపుల్లను నిలబెట్టుటయు, చెవితో పరీక్షించుటయు వచ్చినచో అదృష్టమే. ఆపాటి పనికే ఇచ్చట గిరాకి గలదు. సముద్రతీరపు చెమ్మకు కొయ్య ఉబ్బి నాదము బిగుసుకొనినపుడు, చూపుటకు మనిషి లేడని మా స్టూడియోకు వచ్చు విద్వాంసులు మొరపెట్టుకొనుచుందురు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919 నుండి ఫిడేలు బోధించిన ఊరిలో అట్టివాడొకడుండుట న్యాయమే.

అయితే అబ్బాయి ఇంకొక యేడాది ఇంటివద్దనే యుండి ఇటాలియను నేర్చుకొనవలెను. పోవునపుడు తన ఫిడేలును వెంట తీసికొనిపోవలెను. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు కొసను పాదముపై ఆనించి, స-ప-స-ప శ్రుతిచేసి వాయింతురని గురువునకు స్వయముగా చూపవలెను. ఆ శ్రుతికి ఆత్మ ఎచ్చట నిలువవలెనని గురువును అడుగుట ఇటాలియనులోనే అడుగవలెను.