మురుగు కలిసే తీరాన పుట్టిన సూదిమందు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లా నుంచి సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు బయల్దేరినా వందల కిలోమీటర్లు పోవాలి. అయినా సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో తుంగభద్ర కాలువ కింద వరి వేసుకుంటూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఒక సముద్రతీరపు బూజుతో చుట్టరికం ఉంది. జ్వరం రోజుల తరబడి దిగకపోతే, పరీక్షలో టైఫాయిడ్ అని తేలితే, ఆసుపత్రిలో చిన్న గాజు సీసాలోని పొడిలో నీళ్లు కలిపి నరానికి ఎక్కిస్తారు. ఆ పొడి పేరు సెఫ్ట్రియాక్సోన్, దాని వంశం సెఫలోస్పోరిన్లు. వంశానికి మూలం ఇటలీ వారి సార్డీనియా దీవిలో, కాల్యరి పట్టణపు మురుగు సముద్రంలో పడే చోట దొరికింది.

దొరకబట్టినవాడు జుసెప్పే బ్రోట్సు. ప్రజారోగ్యం ఆయన వృత్తి. తర్వాత రోజుల్లో ఆ నగరానికి మేయరుగా కూడా పనిచేశాడు. సూ సిక్కు అనే ఆ తీరంలో మురుగు కలుస్తున్నా, సముద్రపు నీరు తనంతట తాను శుభ్రపడుతున్నట్టు ఆయనకు తోచింది. టైఫాయిడ్ క్రిములను ఆ నీటిలో మరేదో జీవి అణచివేస్తూ ఉండాలి. ఏమిటది? మందు కోసం కాక, ఊరి మురుగు గురించి అడిగిన ప్రశ్న ఇది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతీ ఇదే. 1945లో అక్కడి నీటి నుంచి సెఫలోస్పోరియమ్ అక్రెమోనియమ్ అనే బూజును వేరుచేశాడు. దాని రసం టైఫాయిడ్ క్రిములను పెరగనివ్వలేదు. శుద్ధి చేయని ఆ రసాన్నే రోగుల మీద ప్రయోగించి, కొంత గుణం కనిపించిందని 1948లో తన సంస్థ అచ్చువేసిన చిన్న పత్రికలో రాశాడు. అందులోని అసలు మందును విడదీసే సాధన సంపత్తి కాల్యరిలో లేదు. ఒక బ్రిటిష్ వైద్యాధికారి పరిచయంతో కబురు ఇంగ్లండు చేరింది. అదే ఏడాది బూజు నమూనా ఆక్స్‌ఫర్డ్‌లో హోవార్డ్ ఫ్లోరీ ప్రయోగశాలకు వెళ్లింది. పెన్సిలిన్‌ను మందుగా నిలబెట్టిన చోటది.

అక్కడ ఎడ్వర్డ్ అబ్రహామ్, గై న్యూటన్ పని మొదలుపెట్టారు. బూజు ఒక పదార్థం కాదు, చాలా పదార్థాలు విడుదల చేస్తోంది. టైఫాయిడ్ క్రిముల మీద పనిచేస్తున్నదాన్ని పట్టుకుని సెఫలోస్పోరిన్ ఎన్ అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది పెన్సిలిన్ జాతిదే! అంటే బ్రోట్సు కాల్యరిలో చూసిన ప్రభావం చాలావరకు ఒక పెన్సిలిన్‌ది. దాన్ని శుద్ధి చేస్తుండగా 1953లో మరో పదార్థం కొద్దిగా, కల్తీలా బయటపడింది. అది సెఫలోస్పోరిన్ సి. దాని శక్తి తక్కువ, ఒక్క గుణం మాత్రం అమూల్యం. ఆనాటికే ఆసుపత్రుల్లో కొన్ని స్టాఫిలోకాకస్ క్రిములు పెన్సిలినేజ్ అనే ఎంజైముతో పెన్సిలిన్‌ను తుంచిపారేస్తున్నాయి. సెఫలోస్పోరిన్ సి ఆ ఎంజైముకు లొంగలేదు.

రహస్యం నిర్మాణంలో ఉంది. రెండింటికీ బీటా లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయమే ఆయువుపట్టు. బాక్టీరియా తన గోడ కట్టుకునే ఎంజైములకు అతుక్కుని పని ఆపించేది అదే. పెన్సిలిన్‌లో దానికి ఐదు పరమాణువుల వలయం అంటుకుని ఉంటే, ఇక్కడ ఆరు పరమాణువుల వలయం ఉంది. శాస్త్రవేత్త డోరతీ హాడ్జికిన్ ఎక్స్-రేలతో చూసి 1961లో ఈ రూపాన్ని ఖాయం చేసింది.

బూజు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టుగా వాడితే లాభం లేదు. పక్కనున్న గొలుసును తెంచి, మిగిలిన 7-ఏసీఏ అనే చట్రానికి కొత్త గొలుసులు తగిలించాలి. నాగలి కర్రు మార్చినట్టు ఒక్కో నేలకు ఒక్కోటి. 1962లో అమెరికాలోని ఎలై లిల్లీ రసాయన శాస్త్రవేత్తలు ఆ తెంపే పద్ధతిని సాధించాక, 1964లో సెఫలోథిన్ మార్కెట్లోకి వచ్చింది. 1980ల తొలినాళ్లలో రోష్ కంపెనీ తెచ్చిన సెఫ్ట్రియాక్సోన్‌లో ఒక గొలుసు క్రిముల ఎంజైములను అడ్డుకుంటుంది. మందు ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది కాబట్టి సాధారణంగా రోజుకు ఒక్క సూది సరిపోతుంది.

ఇంతకీ అది అచ్చమైన సముద్రపు బూజేనా? పట్టుబట్టి చెప్పలేం. దాని బంధువులు నేలలోనూ ఉంటాయి. ఉప్పునీటిలో తప్ప బతకనివి, రెండు చోట్లా బతికేవి అని శాస్త్రజ్ఞులు సముద్ర శిలీంధ్రాలను రెండుగా చూస్తారు. రాయచూరును ఆనుకుని పారే కృష్ణ సముద్రంలో కలిసే చోటా, గోదావరి డెల్టాలోనూ, మడ చెట్ల కొయ్యను కుళ్లబెట్టే ఇలాంటి శిలీంధ్రాలను వి. వెంకటేశ్వర శర్మ, బి.పి.ఆర్. విఠల్ జాబితా కట్టి 2001లో ప్రచురించారు. పేరు తెలిసిన బూజు నుంచి మందుసీసా దాకా ఎంత దూరమో కాల్యరి కథే చెబుతుంది: 1945 నుంచి 1964.

మన కంపెనీలు సెఫలోస్పోరిన్లను టన్నుల కొద్దీ తయారు చేస్తున్నా, 7-ఏసీఏ కోసం చైనా మీద ఆధారపడుతూ వచ్చాయి. బూజును తొట్లలో పెంచే పనిని చేజార్చుకుని, చివరి మెట్టు మాత్రం మనది అనిపించుకోవడం తెలివైన పని కాదు. 2020లో కేంద్రం ప్రకటించిన ప్రోత్సాహక పథకంలో పెన్సిలిన్ జితో పాటు 7-ఏసీఏనూ చేర్చింది.

ఈలోగా క్రిములూ ఊరుకోలేదు. 2016లో పాకిస్తాన్‌లోని హైదరాబాద్‌లో, సింధు ఒడ్డున ఉన్న హైదరాబాద్ అది, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని టైఫాయిడ్ మొదలైంది. తాగునీటిలో మురుగు కలవడాన్నే పరిశోధకులు అనుమానించారు. చేతిలో మిగిలినవి అజిత్రోమైసిన్, ఖరీదైన కార్బపెనెమ్ సూదులు. రాయచూరు పట్టణంలోనూ 2022 వేసవిలో కలుషితమైన కుళాయి నీరు తాగి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. అక్కడి జబ్బు వేరు కావచ్చు, దారి మాత్రం అదే. సింధు ఒడ్డున పిల్లలకు వ్యాధి సోకకుండా 2018లో వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసినది. మరుసటి ఏడాది పాకిస్తాన్ దాన్ని తన సాధారణ టీకాల జాబితాలో చేర్చుకుంది.