డిసెంబరు 23: రంగంలో బాంబులు పడిన రోజు

డిసెంబరు 23 అనగానే మన తెలుగువాళ్ళకు ముందు పి.వి. నరసింహారావు గారు గుర్తొస్తారు. ఆయన 2004లో కన్నుమూసింది ఈ రోజే. 1902లో చరణ్ సింగ్ పుట్టిందీ ఈ రోజే, అందుకే ఇండియాలో దీన్ని రైతు దినంగా జరుపుతారు. 1921లో టాగూర్ విశ్వభారతి మొదలైందీ ఈ తేదీనే. యాంగోన్‌లో మా ఇంట్లో మాత్రం ఈ తేదీ మీద ఏళ్ళ తరబడి ఒక తగువు నడిచింది. అది మా నాయనమ్మ పుట్టినరోజు తగువు.

మా వాళ్ళు కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అప్పట్లో ఈ ఊరిని మనవాళ్ళు రంగం అనేవారు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అన్నారు. 1931 జనాభా లెక్కల్లో ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్ళు. మా ముత్తాత కూడా అదే పని చేశాడు.

1941 డిసెంబరు 23న, పొద్దున పది గంటల ప్రాంతంలో జపాన్ విమానాలు రంగం మీద మొదటిసారి బాంబులు వేశాయి. అంతకుముందు అలాంటిది చూసి ఎరగని జనం, విమానాలను చూడ్డానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. చనిపోయినవాళ్ళలో చాలామంది అలా పోయినవాళ్ళే. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. రేవు కూలీలు ఊరు వదిలి పారిపోయారు, ఓడల్లో సరుకు దించేవాళ్ళు లేకుండా పోయారు. మళ్ళీ 25న, క్రిస్మస్ నాడు, రెండోసారి బాంబులు. మార్చి 8 నాటికి ఊరు జపాన్ చేతిలో పడింది. ఈ మధ్యలో లక్షలాదిమంది ఇండియా దారి పట్టారు, కాలినడకన అడవుల్లో పడిపోయినవాళ్ళకు లెక్క లేదు. చంటిపిల్లతో నడవలేమని మా వాళ్ళు మాత్రం పల్లెల్లోకి వెళ్ళి తలదాచుకున్నారు.

ఆ చంటిపిల్లే మా నాయనమ్మ. వాళ్ళమ్మ చెప్పిన గుర్తులు మూడు: ధనుర్మాసం, మంగళవారం, బాంబులు పడిన రోజు. తేదీ ఆవిడకు తెలియదు. తర్వాత కార్డు రాయించేటప్పుడు ముత్తాత 25 అని చెప్పాడు. ఎందుకో ఎవరికీ తెలియదు, బహుశా క్రిస్మస్ అయితే గుర్తుంటుందనుకున్నాడేమో! ఆ లెక్కన నాయనమ్మది వాజ్‌పేయి గారి పుట్టినరోజని మా బాబాయి మురిసిపోయేవాడు.

మొన్న అమెరికాలో ఉన్న మా చెల్లెలు పుట్టినరోజు వీడియో చేద్దామని అసలు తేదీ అడిగింది. బాంబులు పడినవి రెండు రోజులు, రెండూ ధనుర్మాసంలోవే. ఇక మిగిలింది వారం. పాత క్యాలెండరు తీసి చూస్తే 25 గురువారం, 23 మంగళవారం. తగువు అక్కడితో తేలిపోయింది.

నాయనమ్మకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "అయితే మా అమ్మ పురిటి నొప్పులు పడుతుంటేనే వీధిలో అంతమంది పోయారన్నమాట" అంది.

కార్డులో తేదీ మార్పిద్దామంటే ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న రాయించింది అలాగే ఉండనిమ్మంది.