నెత్తుటిలో దాగిన కొడవలి

సోవియట్ సహకారంతో వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. బతుకుతెరువు వెదుక్కుంటూ దేశం నలుమూలల నుంచి, తెలుగునాటి నుంచి కూడా, జనం అక్కడికి చేరారు. అయితే ఆ చుట్టుపక్కల ఛత్తీస్‌గఢ్ పల్లెలలో తరతరాలుగా ఉన్న ఒక వ్యాధి ఆ కర్మాగారం కన్న ఎంతో పాతది. అది కొడవలి కణ వ్యాధి. గోండులలోనే కాదు, సాహు, కుర్మీ కులాలలోనూ కనిపిస్తుంది. మన ఆదిలాబాదు అడవులకూ కొత్తది కాదు.

ప్రాణవాయువు తగ్గినపుడు ఈ రోగుల ఎర్రకణాలు గుండ్రదనం కోల్పోయి కొడవలిలా వంగుతాయి. సన్నని రక్తనాళాలలో చిక్కుకొని ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. ఎముకలలో దుర్భరమైన నొప్పి, రక్తహీనత, పసితనంలో ప్రాణాంతకమైన అంటురోగాలు దాని ఫలితం. ఇంతటి బాధకు మూలం చాలా చిన్నది: హిమోగ్లోబిన్ బీటా గొలుసులోని 146 అమినో ఆమ్లాలలో ఒక్కటి మారడమే.

ఈ జన్యువు ప్రతులు ప్రతివారిలోను రెండు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కటే లోపభూయిష్టమైతే రెండవది పని నెరవేరుస్తుంది. అటువంటివారు వాహకులే గాని రోగులు కారు. చాలమందికి ఆ సంగతే తెలియదు. వ్యాధి విషయంలో ఈ జన్యువును అంతర్గతమనడం అందుకే. పైగా ఆ ఒక్క ప్రతి మలేరియా తీవ్రతను తగ్గిస్తుంది. మలేరియా ప్రాంతాలలో ఈ లోపం నశించకుండా నిలవడానికి అదే కారణం.

ఇద్దరు వాహకులు దంపతులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక పాలు అవకాశముంటుంది. వాహకత్వానికి రెండు పాళ్లు, ఏ లోపమూ లేకపోవడానికి ఒక పాలు. తొలిబిడ్డ రోగి అయినంత మాత్రాన తరువాతి ముగ్గురూ క్షేమమని కాదు. గవ్వలు కిందటి పందెం జ్ఞాపకం పెట్టుకోవు! ఇక కోడలి రక్తం మంచిది కాదని అత్తవారు నిందించడం మరీ అన్యాయం. వ్యాధి రావాలంటే రెండవ ప్రతి వారి కుమారుని నుంచి రావలసిందే.

మనిషిలో దాగినది పరీక్షలో దాగదు. విద్యుత్ క్షేత్రంలో కొడవలి కణాల హిమోగ్లోబిన్ నడక వేరని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు నిరూపించారు. నేటికీ ఎలెక్ట్రోఫోరెసిస్‌లో వాహకుని రక్తం రెండు గీతలుగా విడివడుతుంది. 2023 జూలై 1న షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్లమందిని పరీక్షించ సంకల్పించింది.

భిలాయి వంటి పట్టణంలో ఊరూ కులమూ వేరైనా వధూవరులిద్దరూ వాహకులు కావచ్చు. సంబంధం కుదిరాక తెలిసిన ఫలితాన్ని దాచాలనిపిస్తుంది. పెళ్లిమాటలకు ముందే తెలిస్తే ఆ జంకు తక్కువ. అప్పటికే పెళ్లయితే గర్భం తొలి నెలలలోనే శిశువును పరీక్షించవచ్చు. రోగి అయిన బిడ్డను పుట్టగానే గుర్తిస్తే పెన్సిలిన్, టీకాలు, ఆపై హైడ్రాక్సీయూరియా ఆ బిడ్డ ఆయుష్షును పెంచుతాయి.