ఒడ్డు మీదే పుచ్చే పడవ

కర్నూలు, కడప అనగానే నాపరాళ్లు, శనగ చేలు, ఎండిన వంకలు కళ్ల ముందు కదులుతాయి గానీ పడవ కదలదు. నిజానికి 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప వైపు కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వించినప్పుడు సాగుతో పాటు సరుకు పడవల మీదా ఆశ పెట్టుకుంది. ఆ ఆశ తీరలేదు. 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. మరో నూరేళ్లకు శ్రీశైలం జలాశయం ఊళ్లను ముంచాక పడవ మళ్లీ అవసరమైంది, ఈసారి ఇంజిన్‌తో.

2007 జనవరిలో నెహ్రూనగర్ దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఈ నీళ్ల మీద పడవ నిబ్బరం ఎంత పెద్ద మాటో చెప్పడానికి అదొక్కటి చాలు.

తుంగభద్ర మీద తిరిగే పుట్టికి ముందూ వెనకా లేదు. మోటారు బోటుకు వెనకే ప్రాణం. కోస్తా పడవవాళ్లు అమరం అనే ఆ వెనక భాగాన్ని అడ్డంగా మూసే పలకకే ఇంజిన్ వేలాడుతుంది. 25 హార్స్ పవర్ ఇంజిన్ బరువు 50 కిలోలకు అటూ ఇటూ. బరువు ఒక్కటే అయితే సరే, పడవను ముందుకు నెట్టే బలమంతా ఆ పలక మీదే పడుతుంది. పాత ఫైబర్ బోట్లలో ఈ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, పైనా లోపలా ఫైబర్ తొడుగు. బోల్టు రంధ్రాల గుండా తడి దూరిందంటే పైకి ఏమీ తెలియదు, లోపల చెక్క ముద్దవుతుంది.

ఇంత ఎండలో చెక్క పుచ్చడమేమిటని అనిపించవచ్చు. సంగమేశ్వరంలోని వేపదారు శివలింగం ఏటా నెలల తరబడి శ్రీశైలం నీళ్లలో మునిగి ఉంటుంది, అయినా నిలిచే ఉంది. భక్తులకది మహిమ. చెక్క గుణం కూడా దానికి తోడుగానే ఉంది: పూర్తిగా మునిగి గాలి తగలని చెక్క పుచ్చదు, పూర్తిగా ఎండినదీ పుచ్చదు. సగం తడిసి, గాలి ఆడే చెక్కకే బూజు పడుతుంది. ఒడ్డున ముక్కు పైకెత్తి వదిలేసిన బోటులో వాన నీళ్లన్నీ వెనక పలక దగ్గరే చేరతాయి. పైన ఎండకు తొడుగు పగుళ్లు తీస్తుంది. పడవ నీళ్లలో కంటే ఒడ్డు మీదే ఎక్కువ పాడవుతోందన్నమాట.

కడవ కొనేటప్పుడు తట్టి చూసినట్టే పలకనూ చిన్న సుత్తితో తట్టాలి. కంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే అనుమానించాలి. లోపలి వైపు సన్నటి రంధ్రం వేస్తే గుట్టు తేలిపోతుంది: నల్లబడిన తడి పొట్టు వస్తే పలక మార్చాల్సిందే.

ఇంటి ముంగిట పందిరి ఉంటే చేసుకోదగ్గ పనే. ఇంజిన్ దించి, లోపలి తొడుగును కోసి, పుచ్చిన చెక్కను ఉలితో తవ్వి తీస్తారు. బయటి తొడుగు జోలికి పోరు, ఆకారం దానిదే కదా. అట్టతో కొలత తీసుకుని రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు కోసి, ఎపాక్సీతో అతికిస్తారు. దుకాణంలో 'వాటర్‌ప్రూఫ్' అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. ఐఎస్ 710 ముద్ర చూడాలి, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా అతుకు ఊడనిదానికే ఆ ముద్ర.

చిక్కంతా వాతావరణంతో. జలాశయం అడుగంటి పడవకు పని లేని ఏప్రిల్, మే నెలల్లోనే తీరిక. పొడిగాలికి పాత బోటు బాగా ఆరుతుంది, అది లాభం. కానీ 40 డిగ్రీల ఎండలో కలిపిన రెజిన్ డబ్బాలోనే గట్టిపడుతుంది. తెల్లవారుజామున, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. ఎపాక్సీలో హార్డెనర్ తగ్గించి లాభం లేదు, పాళ్లు తప్పితే సరిగా గట్టిపడదు. చవకగా దొరికే పాలిస్టర్ రెజిన్ చెక్కను అంత బాగా పట్టుకోదు, పైగా దానితో ఇచ్చే కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే పేలుతుంది. ఫైబర్ రుద్దేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు లేకపోతే దురదతో రెండు రోజులు నిద్ర ఉండదు.

బద్ధకించే చోటు ఒకటుంది, బోల్టు రంధ్రాలు. సరిపడా రంధ్రం వేసి బోల్టు దూర్చేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు పక్క నుంచి చుక్క దూరినా చెక్కను తాకదు.

పని ముగిశాక ఒడ్డున ఉంచే బోటుకు అడుగు బిరడా తీసి పెట్టండి, పైన ఒక పట్టా కప్పండి.