చేప ముల్లు గుచ్చుకుంటే డాక్టర్‌కి ఏం చెప్పాలి? సీల్ కాటు నుంచి మన ఫిషింగ్ హార్బర్ దాకా

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్ రాతలో పెడుతున్నా. మాట్లాడినట్టే ఉంచేశాను, కొంచెం సర్దుకోండి. ఇంకో మాట ముందే చెప్పేస్తా. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసుకున్నవాణ్ణి. ఇక్కడ మందుల పేర్లు వస్తాయి. అవి చూసి మెడికల్ షాపుకి వెళ్లి కొనుక్కోవద్దు. ఎందుకు వద్దో ఈ ఎపిసోడ్‌లోనే అర్థమవుతుంది.

మా ఫ్రెండ్ ఒకడు మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేశాడు. ప్రాజెక్ట్ కోసం తెల్లారకుండానే వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లేవాడు. బోట్లలోంచి దించిన చేపల్ని పట్టుకుని పొడవు కొలవాలి, బరువు తూచాలి, రాసుకోవాలి. గ్లవ్స్ వేసుకుంటే స్కేలు జారిపోతుందని వట్టి చేతులతోనే పని. ఒకరోజు జెల్ల ముల్లు చూపుడువేలిలో దిగిపోయింది. పక్కనున్న పెద్దాయన "ఏటి బాబూ, జెల్ల పొడిచేసిందా? వేన్నీళ్లలో పెట్టు ముందు" అన్నాడు. మనవాడు "ఏం పర్లేదు బాబాయ్" అని సముద్రపు నీళ్లతోనే కడిగేసి, కర్చీఫ్ చుట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

రెండ్రోజుల్లో నొప్పి తగ్గింది, అందరం మర్చిపోయాం. మూడో వారంలో అదే వేలి మీద చిన్న గడ్డ లేచింది. మెడికల్ షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఒక క్లినిక్‌లో ఇంకో కోర్సు రాశారు, అదీ అంతే. గడ్డలు రెండయ్యాయి. చివరికి ఒక స్కిన్ డాక్టర్ వేలు చూసి, మందు రాయకముందు ఒకే ప్రశ్న అడిగారు: "చేపలతో పని చేస్తావా?"

అంతకుముందు ఎవరూ అడగలేదు, వీడూ చెప్పలేదు. చిన్న ముక్క తీసి టెస్టుకి పంపితే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అని తేలింది. టీబీ క్రిమికి చుట్టం ఇది. నీళ్లలో, చేపల మీద ఉంటుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి గుచ్చుకున్న రెండు మూడు వారాలకి గానీ బయటపడదు. ఐదు రోజుల మాత్రలు దీన్ని ఏమీ చెయ్యలేవు, నెలల తరబడి మందు వాడాలి. వీడూ అలాగే వాడాడు.

ఇప్పుడు టైటిల్‌లో ఉన్న సీల్ దగ్గరికొద్దాం. మన బంగాళాఖాతంలో సీల్స్ ఉండవు, అవి ఎక్కువగా చల్లటి సముద్రాల జంతువులు. నార్వే వైపు సీల్స్‌ని వేటాడేవాళ్లకి వేళ్లు వాచిపోయి, కీళ్లు బిగిసిపోయి, భరించలేని నొప్పి వచ్చేది. దీని పేరే సీల్ ఫింగర్. వైద్య పత్రికల్లో 1907లోనే దీని గురించి రాశారు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో కొందరికి వేలు తీసెయ్యాల్సి వచ్చింది. తర్వాత పెన్సిలిన్ వచ్చింది గానీ, దీనికి పనిచెయ్యలేదు. టెట్రాసైక్లిన్ రకం మందులు మాత్రం పనిచేశాయి.

కారణం 1990లలో దొరికింది. సీల్ కరిచిన మనిషి వేలిలోంచి, ఆ సీల్ నోట్లోంచి కూడా మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిని బయటకి తీశారు. పెన్సిలిన్ చేసే పని బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడని పాడుచెయ్యడం. మైకోప్లాస్మాకి ఆ గోడే లేదు. లేని తలుపుకి తాళం పగలగొట్టడానికి వెళ్లినట్టన్నమాట. మామూలు ల్యాబ్ కల్చర్‌లో కూడా ఇది అంత సులువుగా పెరగదు. అంటే రిపోర్ట్‌లో "ఏమీ లేదు" అని రావచ్చు, వేలు మాత్రం వాస్తూనే ఉండొచ్చు. అందుకే సీల్స్ మీద రీసెర్చ్ చేసేవాళ్లు హాస్పిటల్‌కి వెళ్తే మొదటి మాటే "నన్ను సీల్ కరిచింది" అని చెప్పాలి. అది చెప్తేనే డాక్టర్ డాక్సీసైక్లిన్ లాంటిది ఆలోచిస్తారు.

మన హార్బర్‌లోనూ లెక్క ఇదే, జంతువు మారిందంతే. చేపలు పట్టుకునేవాళ్లకి వేలు ఊదా రంగులోకి తిరిగి, మంటగా వాచే ఇంకో ఇన్ఫెక్షన్ ఉంది, పేరు ఎరిసిపెలాయిడ్. చూడ్డానికి సీల్ ఫింగర్‌లాగే ఉండొచ్చు. కానీ దీనికి పెన్సిలిన్ చక్కగా పనిచేస్తుంది! చూపులకి ఒకేలా ఉన్న రెండు వేళ్లకి మందులు వేరు. అందుకే ఫ్రెండ్‌కి పనిచేసిన స్ట్రిప్ మీరు మింగితే పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

నిజంగా భయపడాల్సింది విబ్రియో వల్నిఫికస్‌కి. వెచ్చటి సముద్రపు నీళ్లలో, ఉప్పునీరు మంచినీరు కలిసే చోట్ల ఉంటుంది. అందరికీ సోకదు, కానీ లివర్ జబ్బు ఉన్నవాళ్లకి, బాగా తాగేవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి తెస్తుంది. ఇది వారాలు ఆగదు, గంటల లెక్క. ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా, నల్లగా రక్తం నిండిన బొబ్బలు లేచినా, గాయం కనిపించేదానికంటే నొప్పి చాలా ఎక్కువున్నా, "రేపు చూద్దాం" అనొద్దు. రాత్రయినా సరే కేజీహెచ్ క్యాజువాలిటీకో, దగ్గర్లో ఉన్న పెద్ద హాస్పిటల్‌కో వెళ్లిపోండి.

ఆ పెద్దాయన చెప్పిన వేన్నీళ్ల సంగతి కరెక్టే. జెల్ల ముల్లులో, స్టింగ్‌రే తోక ముల్లులో ఉన్న విషం ప్రోటీన్, వేడికి పాడైపోతుంది. 45 డిగ్రీలు దాటకుండా, తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి బాగా దిగుతుంది. వేడి చూడ్డానికి రెండో చెయ్యి పెట్టండి, దెబ్బ తగిలిన చేతికి స్పర్శ సరిగ్గా తెలియక కాల్చుకునే ప్రమాదం ఉంది. అయితే ఇది నొప్పికే, క్రిములు దీంతో చావవు. మంచినీళ్లు, సబ్బుతో బాగా కడగాలి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగాలి. జెల్ల ముల్లుకి రంపంలా పళ్లుంటాయి, ముక్క విరిగి లోపల ఉండిపోతుంది. ఎక్స్‌రే తీద్దామంటే డబ్బులకి తీస్తున్నారని అనుకోవద్దు. స్టింగ్‌రే పొట్టలోనో ఛాతీలోనో పొడిస్తే మాత్రం ముల్లు పీకకుండా, అలాగే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి.

ఆలివ్ రిడ్లే తాబేళ్ల సీజన్‌లో రాత్రిపూట బీచ్‌లో తిరిగే వాలంటీర్లకి ఒక మాట. మీకు తాబేలు కంటే గుడ్ల కోసం వచ్చే కుక్కలతోనే ఎక్కువ రిస్క్. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు రేబిస్ వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. రక్తం వస్తే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. సౌత్ ఆఫ్రికాలో 2024లో సీల్స్‌కే రేబిస్ వచ్చింది, అక్కడ బీచ్‌లకి వెళ్లేవాళ్లని సీల్ కాటు విషయంలో హెచ్చరించాల్సి వచ్చింది. జంతువు ఏదో చెప్పడం అందుకే అంత అవసరం.

ఇక మీ ఫోన్‌తో పని. గుచ్చుకోగానే ఆ చేపని ఒక ఫొటో, గాయాన్ని ఒక ఫొటో తియ్యండి, డేట్ దానికదే పడుతుంది. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, రెండు మూడు గంటలకోసారి ఫొటో తీస్తే పాకుతోందో లేదో మీకే తెలిసిపోతుంది. నోట్స్‌లో రెండు లైన్లు చాలు: "ఫలానా తారీఖున హార్బర్‌లో జెల్ల గుచ్చింది, సముద్రపు నీళ్లు తగిలాయి. ఇప్పటిదాకా వాడిన మందులు ఇవి." షుగర్, లివర్ ప్రాబ్లమ్, ఎలర్జీ ఉంటే అవీ రాయండి. డాక్టర్ అడిగేదాకా ఆగకండి, కూర్చోగానే చూపించండి.

మా వాడి వేలు బానే ఉంది ఇప్పుడు, చిన్న మచ్చ మిగిలింది. జెల్ల దగ్గర గ్లవ్స్ వేసుకుంటున్నాడట, స్కేలు ఇంకా జారుతూనే ఉందట.