మందుల చీటీకీ మనకూ మధ్య ఎవరున్నారు?

గోదావరిఖనిలో నెల మొదటి వారం. జీతం చేతికి రాగానే ముందు పాల లెక్క, తర్వాత కిరాణా, ఆ తర్వాత మందుల షాపు. బీపీ, షుగర్ మందులు రాసిన చీటీ మడతలు నలిగిపోయి పర్సులో ఉంటుంది.

"అన్నా, పోయిన నెల గిన్ని పైసలు కాలేదు గదా?"

"కంపెనీ మారిందమ్మా. మందు అదే, పేరు వేరే."

మందు అదే అయితే ధర ఎందుకు మారాలి? ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది ఇల్లాలే. అత్తగారి బీపీ బిళ్లలు, పిల్లాడి దగ్గు మందు తెచ్చేదీ, అందుకోసం ఇంకో ఖర్చు తగ్గించుకునేదీ ఆమే. రోజుకు రెండు వేసుకోమంటే ఒక్కటే వేసుకుని తన మందు దగ్గరే పొదుపు చేసే అక్కలు, అమ్మలు మన చుట్టూ ఎందరో!

కార్డు ఉన్న ఇల్లు, లేని ఇల్లు

సింగరేణి పర్మినెంటు కార్మికుడి ఇంట్లో ఈ బాధ కొంత తక్కువ. కంపెనీ ఆస్పత్రిలో చూపించుకుంటే మందులు కూడా అక్కడే ఇస్తారు. రిటైరైన వారికి చందా కట్టి చేరే వైద్య పథకం ఉంది. కానీ అదే వీధిలో ఆటో నడిపేవారు, టీ కొట్టు పెట్టుకున్నవారు, మిషన్ కుట్టి బతికేవారు ఉన్నారు. వాళ్లకు ఏ కంపెనీ కార్డూ లేదు. 2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక పెద్ద డాక్టర్లు దగ్గరయ్యారు. అయినా సర్కారు ఆస్పత్రి కౌంటర్లో మందు లేదంటే బయటి షాపే దిక్కు.

డిస్కౌంట్ మాయ

కంపెనీలో తయారైన మందు నేరుగా మన షాపుకు రాదు. ఏజెంటు, స్టాకిస్టు చేతులు మారి వస్తుంది. ప్రతి చేతికీ కొంత మిగలాలి, అందులో తప్పు లేదు. కానీ ఎంత మిగులుతోందో మనకు తెలిసే దారే లేదు. స్ట్రిప్ మీద ఉండేది గరిష్ఠ ధర ఒక్కటే.

మాటవరసకు షాపతను 25 రూపాయలకు కొన్న స్ట్రిప్ మీద 100 అని అచ్చు వేశారనుకోండి. "మీకోసం 20 శాతం తగ్గించానమ్మా" అంటే మనం సంతోషంగా 80 ఇచ్చి వస్తాం. తగ్గింది చూశాం, పెంచింది చూడలేదు!

పెద్ద ఆస్పత్రుల సంగతి ఇంకా విడ్డూరం. జాతీయ ఔషధ ధరల సంస్థ 2018లో ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు పరిశీలిస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా తేలింది.

అమెరికాలోనూ ఇదే గోల

మన ఊళ్ల నుంచి పిల్లలు వెళ్లి స్థిరపడిన అమెరికాలో ఈ మధ్యవర్తికి ఒక పేరే ఉంది: ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్. ఇన్సూరెన్స్ తరఫున మందుల కంపెనీలతో బేరమాడేది, షాపుకు ఎంత చెల్లించాలో చెప్పేది ఈ సంస్థే. బేరంలో మిగిలింది రోగికి చేరుతోందా, మధ్యలోనే ఆగుతోందా అన్నదే తగువు. అక్కడి మందుల చీటీల్లో దాదాపు 80 శాతం మూడు పెద్ద సంస్థల చేతుల మీదుగానే నడుస్తున్నాయని ప్రభుత్వ సంస్థ 2024లో చెప్పింది.

చిన్న షాపులకు కొన్న ధర కూడా గిట్టడం లేదని ఆర్కాన్సా రాష్ట్రం 2015లో చట్టం చేసింది. ఆ సంస్థల సంఘం కోర్టుకెక్కింది. 2020 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది. ఇలాంటి చట్టం చేసే హక్కు రాష్ట్రాలకు ఉందని తేలిపోయింది.

మరి మన రాష్ట్రం?

మన దగ్గర ధరల పగ్గం కేంద్రం చేతిలో ఉంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద అత్యవసర మందులకు గరిష్ఠ ధర కడతారు. మిగతా మందులకు మొదటి ధర కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు, అంతే. మొదటే ఎక్కువ పెడితే అడ్డేముంది?

మధ్యలోని లాభానికి హద్దు పెడితే ఏమవుతుందో 2019లో చూశాం. 42 క్యాన్సర్ మందులపై 30 శాతం మించి లాభం వేయరాదన్నారు. కొన్ని బ్రాండ్ల ధర 90 శాతం దాకా దిగింది!

ధర మరీ బిగిస్తే మందే దొరకదన్న భయం ఉంది. 2017లో గుండె స్టెంట్ల ధర తగ్గించినప్పుడు కొన్ని కంపెనీలు తమ రకాలను వెనక్కి తీసుకుంటామన్నాయి. చిన్న షాపు నడిపే అన్నకూ ఇల్లు గడవాలి. ఆ మాట కొట్టిపారేయలేం. అందుకే అడగాల్సింది లాభమే వద్దని కాదు, దాచొద్దని.

ధర కట్టే పని కేంద్రానిదే అయినా రాష్ట్రం చేతులు ఖాళీగా లేవు. షాపుల మీద తనిఖీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖదే. తమిళనాడు 1994లో సొంత కార్పొరేషన్ పెట్టి టోకున మందులు కొనడం నేర్పింది. రాజస్థాన్ 2011లో సర్కారు ఆస్పత్రుల్లో ఉచిత మందుల పథకం తెచ్చింది. ఆస్పత్రి కౌంటర్లో మందు ఉంటే బయటి దళారి జోరు దానంతటదే తగ్గుతుంది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే కదా! కార్మికుల కోసం టోకున కొనే కంపెనీ, అదే ధరకు కార్డు లేని ఇళ్లకూ మందులు అందించే కౌంటరు ఎందుకు తెరవకూడదు?

మనం చేయగలిగినవి

* చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయమని డాక్టరు గారిని అడగండి.
* జన ఔషధి కేంద్రంలో ధర ఒకసారి పోల్చి చూడండి. డాక్టరును అడగకుండా మాత్రం మందు మార్చకండి, మానకండి.
* ధరల పట్టిక షాపులో కనిపించేలా పెట్టాలన్నది నిబంధన. చూపించమనండి.
* బిల్లు తప్పక తీసుకోండి. అచ్చు ధర మించి అడిగితే 1800 111 255 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

కూరగాయల దగ్గర రూపాయి కోసం గట్టిగా బేరమాడే మనం, మందుల షాపులో మాత్రం నోరు మెదపం. ప్రాణానికి బేరమేమిటని మొహమాటం. ఆ మొహమాటమే ఎవరికో లాభం అవుతోంది. వచ్చే నెల చీటీ ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడిగి చూడండి: "అన్నా, ఇదే మందు తక్కువ ధరల ఉన్నదా?"