చట్రం దాటిన గీత

వేసవి సెలవులకు గిద్దలూరొచ్చిన మా మనవడు సంచిలో బట్టలకంటే తీగలే ఎక్కువ తెచ్చాడు. చంకలో ఒక కీబోర్డు. "తాతా, పాట కట్టాను. ఫోన్‌లోకి ఎక్కించాలి. పక్కన పెట్టుకుని వాయిస్తే అవ్వ పోపు చప్పుడు కూడా పాటలో పడుతోంది" అన్నాడు.

ఈ బాధ నాకు కొత్త కాదు. మా కాలంలో కడప రేడియోలో పాట వస్తుంటే టేప్‌రికార్డర్‌ను దాని ముందు పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరు మెదపొద్దని బతిమాలుకునేవాళ్లం. సరిగ్గా పల్లవి దగ్గర దొడ్లో గేదె అరిచేది. మార్కాపురంలో రేడియోలు బాగుచేసే ఒకాయన నా అవస్థ చూసి, రేడియో ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి టేప్‌రికార్డర్‌కు ఒక తీగ కట్టిచ్చాడు. ఆ రోజుతో గేదె పీడ వదిలింది.

సంగతేమిటంటే, రేడియోలో పాట కరెంటు రూపంలోనే ఉంటుంది. స్పీకర్ దాన్ని గాలి కదలికగా మారుస్తుంది. మైకు ఆ గాలి కదలికను పట్టుకుని మళ్లీ కరెంటు చేస్తుంది. దిగి మళ్లీ ఎక్కే ఆ మజిలీలోనే ఫ్యాను, గోడల ప్రతిధ్వని, పోపు అన్నీ టిక్కెట్టు లేకుండా ఎక్కేస్తాయి. కీబోర్డుదీ ఇదే కథ. పాటను గాలిలోకి దిగనివ్వకుండా తీగమీదే పంపితే సరిపోతుంది. స్టూడియోల వాళ్లు దీన్ని 'డైరెక్ట్'గా తీసుకోవడం అంటారు.

1902లో రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు ఈ సదుపాయం లేదు. ఆమె పెద్ద గరాటులోకి గొంతెత్తి పాడితే, ఆ గాలి తోపుకే సూది కదిలి మైనం మీద గీత గీసింది. మైకుతో, కరెంటుతో పాటలు పట్టడం 1925కు గానీ బజారుకెక్కలేదు.

మావాడు రెండు కొసలా పిన్నులున్న తీగ తీసి, ఒక కొస కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రంలో, రెండోది ఫోన్‌లో గుచ్చి, కళ్లు మూసుకుని వాయించాడు. తర్వాత వేసి విన్నాం. పాట లేదు! మెట్ల మీద వాడి వేళ్ల టకటక, కుక్కర్ మూడో విజిలు మాత్రం చక్కగా ఉన్నాయి.

"ఫోన్ తీగ వైపు చెవి పెట్టలేదురా, తన సొంత చెవితోనే విన్నది" అన్నాను. దీన్ని కనిపెట్టడం తేలిక. రికార్డు అవుతుండగా ఫోన్ అడుగున ఉన్న మైకు రంధ్రం దగ్గర గోటితో గీకండి. ఆ గీకుడు గట్టిగా వినబడిందా, మీ తీగ ఉత్త అలంకారమే.

అద్దాలు పెట్టుకుని పిన్ను చూశాను. దానిమీద నల్లగీతలు రెండే. అంటే లోహపు ముక్కలు మూడు. ఫోన్‌కు కావలసింది మూడు గీతల పిన్ను, ముక్కలు నాలుగు. కొన ఎడమ చెవికి, దాని తర్వాతిది కుడి చెవికి, మూడోది ఎర్త్, మొదట్లో ఉన్న నాలుగోది మైకు. ఇప్పటి ఫోన్లలో వరస ఇదే. కొన్ని పాతవాటిలో చివరి రెండూ తారుమారు. రెండు గీతల పిన్ను గుచ్చితే మైకు చోటు ఎర్తుతో కలిసిపోతుంది. ఫోన్ 'ఇందులో మైకు లేదులే' అనుకుని సొంత మైకు తెరుస్తుంది.

సాయంత్రం బజారుకెళ్లి, ఒక తోక హెడ్‌ఫోన్‌కూ ఇంకో తోక మైకుకూ ఉండే చీలిక తీగ తెచ్చాం. ఈసారి పాట వచ్చింది. వచ్చింది గానీ, పగిలిన డప్పులా బర్రుమంటూ వచ్చింది.

ఇక్కడే మా మార్కాపురం పలక అక్కరకొచ్చింది. మన రాయిని పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించిన పలకలు దేశమంతటా బడులకు వెళ్లేవి. అటకమీది పలకను దించి, బలపంతో ఒక అల గీశాను. "ఫోన్ సెకనుకు 44,100 సార్లు ఈ అల ఎత్తు కొలిచి అంకె వేసుకుంటుంది. 16 బిట్ల లెక్కలో దానికున్న మెట్లు 65,536. అంతకుమించి పైన చోటు లేదు, చట్రం వచ్చేసింది." ఈసారి ఇంకా పెద్ద అల గీశాను. బలపం పలక దాటి చెక్కమీద జారింది. పలకమీద మిగిలింది తల నరికిన కొండలు. "నీకు వినబడ్డ బర్రు ఇదే. తెగిన శిఖరాన్ని తర్వాత ఏ యాపూ తెచ్చివ్వదు. చిన్నగా ఎక్కిన పాటను మాత్రం తర్వాత పెంచుకోవచ్చు."

ఒక్కోసారి అంకెలదాకా కూడా రాదు. దానికి ముందున్న చిన్న ఆంప్లిఫయర్‌లోనే అల తెగుతుంది. అప్పుడు తెరమీద సౌండు మీటరు పచ్చగానే ఉంటుంది, పాట బొంగురుపోతుంది. మీటరును నమ్మి మోసపోయేది ఇక్కడే.

మా బర్రుకు కారణం వోల్టేజీ. ఫోన్ మైకు రంధ్రం ఎదురుచూసేది వోల్టులో వెయ్యోవంతులు కొన్ని. టేపులు, మిక్సర్లు లాంటి ఇంటి సామాను ఇచ్చేది మామూలుగా 0.316 వోల్టు. కంభం చెరువు తూమెత్తి పెరట్లో కొత్తిమీర మడికి నీళ్లు పెట్టినట్టే. కీబోర్డు సౌండు తగ్గించితే కొంత నయం, కానీ మరీ తగ్గిస్తే దాని సొంత బుస పైకి తేలుతుంది. కాబట్టి దారిలో అడ్డుకట్ట వేయాలి.

కీబోర్డు నుంచి వచ్చే తీగలో మొదట 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ వెనక 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (గోధుమ, నలుపు, పసుపు పట్టీలది), దాని అవతలి కొస మైకు ముక్కకు. మైకు ముక్కకూ ఎర్తుకూ మధ్య 2.2 కిలో ఓమ్‌లు (మూడూ ఎరుపే). ఫోన్ లోపలి నిరోధం కూడా కలిస్తే సిగ్నల్ దాదాపు తొంభయ్యోవంతుకు దిగుతుంది. కుడి ఎడమ తీగలు రెండూ కావాలంటే ముడేసి కలపకండి, దేనికదే ఒక కెపాసిటర్, ఒక 100 కిలో ఓమ్‌లు పెట్టండి. ఎలాగూ ఈ రంధ్రంలో స్టీరియో ఉండదు.

కెపాసిటర్ ఎందుకంటారా? ఇయర్‌ఫోన్ మైకును నడిపించడానికి ఫోనే దాదాపు 2 వోల్టులు బయటికి పంపుతుంది. అది కీబోర్డులోకి పోకూడదు. డప్పు చర్మం గుండా గాలి దూరదు, అదురు మాత్రం అవతలికి పోతుంది. కెపాసిటర్ పనీ అంతే: నిలకడ కరెంటును ఆపి, అలను పంపుతుంది.

ఆ 2.2 కిలో ఓమ్‌లకు రెండో పని కూడా ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ 1000 ఓమ్‌లో అంతకు మించో కనబడితేనే మైకు అనుకుంటుంది. 240 ఓమ్‌లు కనబడితే సౌండు పెంచే మీట నొక్కారనుకుంటుంది, 470 అయితే తగ్గించే మీట. ముందు చేతికందిన 470 పెడితే ఫోన్ దానంతటదే సౌండు తగ్గించుకుంటూ పోయింది. మావాడు దెయ్యమన్నాడు.

చివరికి పాట శుభ్రంగా ఎక్కింది, వెనక ఒక గుంయ్‌మనే రొద తప్ప. కీబోర్డూ ఫోన్ చార్జరూ రెండూ గోడకు గుచ్చి ఉన్నాయి. చార్జర్ పీకాం, రొద పోయింది. ఇంకొకటి: ఫోన్ మైకు దారి మాటల కోసం చేసింది. మెల్లగా వాయిస్తే తనే పెంచుతుంది, గట్టిగా వాయిస్తే తనే అణుస్తుంది. ఈ సర్దుబాటు ఆపే వీలున్న రికార్డింగ్ యాప్ వాడండి.

ఈ రంధ్రమే లేని ఫోన్లున్నవాళ్లు, లేదా డబ్బు పెట్టగలవాళ్లు, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కోవడమే మేలు. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లు వీటిని గుర్తుపడుతున్నాయి. రెసిస్టర్లతో పనిలేదు, స్టీరియో వస్తుంది, నేనైతే అదే కొంటాను. ఏది వాడినా గుడి దగ్గర మైకుసెట్టు స్పీకర్ తీగను మాత్రం ఫోన్‌కు కలపొద్దు. హారన్లకు పోయే తీగలో 100 వోల్టులదాకా ఉండొచ్చు. మిక్సర్ వెనక 'రెక్ అవుట్' అని ఉంటుంది, అక్కడి నుంచి తీసుకోండి.

రికార్డు నొక్కే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అన్నీ కుదిరి మావాడు రెండో చరణం దాటుతుండగా మా అల్లుడు ఫోన్ చేశాడు.